నాలుగో అనుబంధం

2005 జూన్ 9, గురువారం

మళ్ళీ జెనీవా వచ్చి నా నెత్తిమీద పడింది. ఢిల్లీ నుంచి భువనేశ్వర్‌కి, భువనేశ్వర్ నుంచి ఛత్రపూర్‌కి, ఇక్కడ మా హెడ్ గుమాస్తా బొడొబాబు బల్లమీంచి నా బల్లమీదికి. మనిషిని మనిషిగా చూస్తామని మన దేశం ప్రపంచానికి సంతకం చేసి ఇచ్చిన మాట ఎంతవరకు నిలబెట్టుకుందో కొన్నేళ్ళకొకసారి ఐక్యరాజ్యసమితికి చెప్పుకోవాలి. ఆ చెప్పుకోవడంలో జిల్లా వంతు ఇంగ్లీషు నాది. సెక్షన్‌లో నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్పకి రాయడం లేదు, మిగతావాళ్ళ దౌర్భాగ్యం అలాంటిది.

నాలుగో అనుబంధం: చేత్తో మలం ఎత్తే మనుషులు ఇంకా ఎంతమంది, అలా ఎత్తవలసిన పాకీదొడ్లు ఇంకా ఎన్ని. కిందటిసారి ఏమి రాశారని ఫైలు తిప్పితే రెండు గడుల్లోనూ నిల్. అంతకుముందుసారీ నిల్. బొడొబాబు నా కుర్చీ పక్కనున్న చెత్తబుట్టలో కిళ్ళీ ఉమ్మి, అదే దించెయ్యమన్నాడు. ఒక్క సందు తిరిగి చూసినవాడు లేడు. ఆ ఎర్రటి ఉమ్మి నా చెప్పు మీద పడింది. రెండుసార్లు కడుక్కున్నాను.

బరంపురంలో మా ఇంటి వెనక ఒకటుందని నాకు తెలుసు. అది వేరే సంగతి.

జూన్ 11

తవిటమ్మ వీధివైపు వచ్చింది. ముప్పయ్యేళ్ళలో ఆమెను వెనక సందులో తప్ప నేను చూడలేదు. చూడటమంటే కూడా కాదు, వినడం. పొద్దున్నే రేకుతో వెనక తలుపు మీద మూడుసార్లు కొడుతుంది. ఆ చప్పుడు వినగానే ఇంట్లో ఆడవాళ్ళు నడవ తలుపు వేసుకుంటారు. ఆమె దొడ్డి వెనక పలక ఎత్తి, బూడిద చల్లి, రేకుతో తట్టలోకి లాగి, వెళ్ళిపోతుంది. అలాంటి మనిషి ఇవాళ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని మా అరుగుకి నాలుగు గజాల దూరంలో నిలబడింది. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా నిలబడే ఉందట.

కూతురు పుణ్యవతి ఎనిమిది ప్యాసయింది. తొమ్మిదికి ఛత్రపూర్‌లో ఆడపిల్లల హాస్టలుంది, అందులో ఈ పని చేసేవాళ్ళ పిల్లలకని రెండు సీట్లున్నాయి. తల్లి ఆ పని చేస్తోందని, ఏ ఇంట్లో చేస్తోందో ఆ ఇంటి యజమాని సంతకం పెట్టాలి. ఈ నెల ముప్పయ్యో తారీఖులోగా.

"పదమూడు ఇల్లు తిరిగినాను బాబూ. అందరూ తలుపేసేసినారు. మీరు సదువుకున్నోరు, ఆపీసులో ఉన్నోరు, మీకు తెలుసు గదా," అంది.

మా బజారు చివర్నుంచి మా ఇంటిదాకా పద్నాలుగు ఇళ్ళు ఆమె వంతు. ఆమె పెళ్ళయి వచ్చినప్పుడు అత్తగారు చూపించిన ఆస్తి ఆ పద్నాలుగు వెనక తలుపులే. కుడి భుజం పైకి లేవడం లేదట. హాస్టలు దొరక్కపోతే వంతు పిల్లది ఎత్తుకోవాలి. అది చెప్పేటప్పుడు మాత్రం నేలకేసి చూసింది.

కాగితం తీసుకున్నాను. రేపు పెట్టి ఇస్తానన్నాను. పెట్టకపోవడానికి ఏముంది? ఉన్నమాటే కదా.

జూన్ 12, ఆదివారం

వాసవీకుమారి, అంటే నా భార్య, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివి, మన ఇంటి పేరు ఇందులో రాస్తారా అంది. రాయాలి మరి, అన్నాను. చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది.

కాగితాన్ని ఆఫీసు సంచీలో పెట్టాను.

జూన్ 13

ఫైల్లో చట్టం కాపీ ఉంది, ఇవాళ మొత్తం చదివాను. పాకీదొడ్డి ఉంచుకున్నవాడికి ఏడాది జైలు, రెండువేలు జరిమానా, లేదా రెండూ. అంటే తవిటమ్మ కాగితం మీద నా సంతకం నేను నేరం ఒప్పుకున్నట్టు. పదమూడు ఇళ్ళవాళ్ళు చట్టం చదివి తలుపులు వేసుకోలేదు, ఆ సంగతి నాకు తెలుసు. నేను చదివి ఆగాను. తేడా ఉంది.

ఇంకో విడ్డూరం. ఆ సంతకమైన కాగితం హాస్టలుకి వెళ్ళేముందు ధ్రువీకరణకి మా సెక్షన్‌కే రావాలి. జిల్లాలో ఆ పని చేసేవాళ్ళు ఒక్కరూ లేరని రాసేది మేమే, ఫలానా మనిషి చేస్తోందని ముద్ర వేయవలసింది కూడా మేమే. ఆ రెండు సీట్లూ ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉన్నాయో రిజిస్టరు తీసి చూశాను. మొదట్నుంచీ. ఇంత నీచపు లెక్క ఏ మార్వాడీ కూడా కట్టలేడు.

జూన్ 14

నిజాయితీగా ఒక నోట్ రాశాను: "నాలుగో అనుబంధంలోని అంకెను ఇంటింటి సర్వే ద్వారా సరిచూడటం అవసరం." సరిగ్గా ఒక వాక్యం. బొడొబాబు చదివి, కళ్ళద్దాలు తీసి, ధర్మలింగం బాబూ, ప్రమోషన్ లిస్టు ఆగస్టులో వస్తుంది కదా అన్నాడు.

నోట్ వెనక్కి తీసుకున్నాను. భాష కొంచెం మెరుగుపరచాలి.

జూన్ 16

ఛత్రపూర్ వెళ్ళే పాసింజరు బండిలో రాస్తున్నాను. పక్కన చేపల గంపలు, ఎదురుగా ఎవడో పచ్చి ఉల్లిపాయలు నములుతున్నాడు. ముక్కుకి కర్పూరం రుమాలు కట్టుకుని కూర్చున్నాను. పదకొండుకల్లా నాలుగో అనుబంధానికి పేరా కావాలన్నాడు బొడొబాబు. ప్యాడ్ ఇంట్లో మరిచిపోయాను, సంచీలో చేతికి తగిలిన ఏదో కాగితం వెనక చిత్తు రాశాను. మంచి ఇంగ్లీషే కుదిరింది. మనిషి మలాన్ని మనిషి చేత మోయించే దురాచారం ఈ జిల్లాలో పూర్తిగా అంతరించిందనీ, ఆ వృత్తిలో ఉన్నవారి సంఖ్య నిల్ అనీ. "పూర్తిగా" అనే మాట మొదట వేయలేదు. వాక్యం నడక కోసం వేయవలసి వచ్చింది.

నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు, అదీ తప్పులతో.

జూన్ 18

తవిటమ్మ పొద్దున్నే రేకు చప్పుడు అయ్యాక కాసేపు సందులోనే ఆగింది. నేను బయటికి వెళ్ళలేదు. పళ్ళు తోముకుంటున్నాను.

జూన్ 20, సోమవారం

భువనేశ్వర్ నుంచి ఒక అధికారి వస్తాడట. అనుబంధం రాసినవాళ్ళ ఇళ్ళే ముందు చూస్తాడట, ఎవడో పత్రికలవాడు ఏదో రాశాడని. బొడొబాబు నన్ను పక్కకి పిలిచి, పాత బజారులో కదా మీ ఇల్లు, వెనక ఏముంది అని అడిగాడు. స్నానాల గది అన్నాను. నవ్వాడు. మీ తెలుగు షావుకార్ల పొడుగాటి ఇళ్ళు నాకు తెలుసు, ముందు దుకాణం, మధ్యలో దేవుడు, చివర్న అది, వారంలో కట్టించెయ్ అన్నాడు.

నా ఇంటి దొడ్డి గురించి ఆ కిళ్ళీ నోటితో మాట్లాడాడు. అసహ్యంతో అన్నం సహించలేదు.

జూన్ 21

అమ్మకి చెప్పాను. అమ్మకి డెబ్బై ఆరు. మోకాళ్ళు పోయాయి కానీ నోరు పోలేదు. ఇరవయ్యేళ్ళుగా మా అమ్మ కామాక్షమ్మగారి మాట మీదే ఆ దొడ్డి నిలబడి ఉంది. నేను కట్టిస్తానన్నప్పుడల్లా ఒకటే మాట. ఇవాళ కూడా అదే.

"ఏటిరా ధర్మా, పోయేదాన్ని పోనీకుండా ఇంట్లో గొయ్యి తీసి దాసుకుంటామా? దేవుడున్న ఇల్లురా ఇది."

రోజూ ఎవరో తీసుకుపోతే ఇల్లు శుభ్రం, నేలలో నిలవ ఉంటే మైల. మా అమ్మ ధర్మశాస్త్రం. ఎవరు తీసుకుపోతున్నారో, ఎలా తీసుకుపోతున్నారో అందులో లేదు. నేను గట్టిగా అరిచాను. జైలుకి పంపుతావా నన్ను అన్నాను. దానికి లొంగింది, కానీ షరతు పెట్టింది: మడినీళ్ళ నూతికి గొయ్యి పన్నెండు అడుగులు అవతల ఉండాలి, దేవుడి గదివైపు ఉండకూడదు. అవన్నీ తీసేస్తే పెరట్లో మిగిలింది చూరు నీళ్ళు పడే మూల ఒక్కటే.

జూన్ 23

తాపీమేస్త్రి జగ్గన్న వచ్చి చూశాడు. ఆ మూల వద్దు బాబూ, వాన నీళ్ళన్నీ దాంట్లోకే దిగుతాయి అన్నాడు. అమ్మ లోపల్నుంచి వింటోంది. అక్కడే తవ్వమన్నాను.

జూన్ 25

పాతది పగలగొట్టే ముందు ఖాళీ చేయాలి. గోడలు గీకి, కడిగి, అడుగు దాకా. జగ్గన్న మనుషులు తాము ముట్టుకోబోమన్నారు. తవిటమ్మను పిలిపించాను.

మొదటిసారి ఆమె పని చేస్తుండగా చూశాను. పూర్తిగా చూడలేదు. ఎడమ చేత్తోనే లాగుతోంది, కుడి చెయ్యి ఒంటికి అతుక్కుపోయినట్టుంది. తట్టకి అడుగున చిల్లుంది, చీర కొంగు దాని కింద మడత పెట్టుకుంది. మూడు గంటలు పట్టింది. వాసవి మెట్టు మీంచి ఎత్తుగా నీళ్ళు పోసింది, ఆమె దోసిట్లో పట్టి కడుక్కుంది. నేను మొహం తిప్పుకున్నాను. వాసనకి కాదనుకుంటాను. వాసనకే కావచ్చు.

వెళ్ళేముందు నవ్వింది. ఇంక ఈ ఇంటికి ఈ పని లేదు, మంచిపని సేసినారు బాబూ అంది. నా వంతులో ఒకిల్లు తగ్గింది, పాప సదువుకెల్తే మిగతాయి కూడా వదిలేద్దును అంది. సంతకం సంగతి అడిగింది. ఈ హడావుడి కానీ, తర్వాత అన్నాను.

అమ్మ ఒక పాత చీర ఇప్పించింది. ఆమె వంతులో ఒకిల్లు పోయినందుకట.

జూన్ 28

అయిపోయింది. తెల్లటి పలకలు, పింగాణీ, తలుపుకి నీలం రంగు. ఒకరకంగా చూస్తే ఇప్పుడు నాలుగో అనుబంధంలో నా వంతు నిజమైంది. ఈ మాట రాస్తుంటే మనసు తేలికపడింది. అధికారి రేపు వస్తాడు.

జూన్ 29, బుధవారం

అధికారి వచ్చాడు, చూశాడు, ఫొటో తీయించాడు, వాసవి ఇచ్చిన మజ్జిగ తాగాడు. సందులోకి వెళ్ళలేదు. పక్కిల్లు చూడలేదు.

అతను వెళ్ళిన అరగంటకి తవిటమ్మ వచ్చింది. వెంట పుణ్యవతి కూడా. పొడుగ్గా ఉంది పిల్ల, రెండు జడలు, నీలం స్కూలు లంగా, చేతిలో పెన్ను. నాకోసమే తెచ్చిందట ఆ పెన్ను.

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. ఇక్కడైనా రాయాలి. ఇప్పుడు మా ఇంట్లో పాకీదొడ్డి లేదు కదా, లేనిదాన్ని ఉందని ఎలా రాస్తాను, అబద్ధపు సర్టిఫికెట్ అవుతుంది అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను. ఆఫీసులో ఎవరికైనా చెప్పినట్టు.

తవిటమ్మకి కాసేపు అర్థం కాలేదు. పిల్లకి ముందు అర్థమైంది. పెన్ను మూత పెట్టేసింది.

"ముప్పయ్యేళ్ళు సేసింది నాను," అంది తవిటమ్మ. "సేసినానని సెప్పడానికి నాకు సిగ్గు నేదు. సేయించుకున్నోరికి ఎందుకొచ్చింది బాబూ సిగ్గు?"

కోపంగా కూడా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. నేను లోపలికి వచ్చేశాను. నాలుగు రోజుల కింద దాని చేతే కడిగించి, ఆ కడిగిన గోడలే దానికి అడ్డం పెట్టాను. ఛీ. పంది కూడా ఇంత పని చేయదు.

రేపు ఇంకా ముప్పై. రేపు పెట్టి, నేనే హాస్టలుకి తీసుకెళ్ళి ఇస్తాను. నిన్నటిదాకా చేసిందని రాయవచ్చు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

జూన్ 30

సెలవు పెడదామనుకున్నాను. నివేదిక కట్టలు కట్టే రోజు. కుదరలేదు.

జూలై 8

రథయాత్ర. ఆఫీసు లేదు. నివేదిక మొన్ననే వెళ్ళిపోయింది. నాలుగో అనుబంధం కింద బొడొబాబు ఒక పేరా చేర్పించాడు: పౌరులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి తమ ఇళ్ళలో నవీన మరుగుదొడ్లు నిర్మించుకుంటున్నారు, ఉదాహరణకు బరంపురం పాత బజారులోని ఒక గృహస్థు. పక్కన ఫొటో, నీలం తలుపు. జెనీవాలో ఎవరో తెల్లవాళ్ళు మా ఇంటి దొడ్డి తలుపు చూసి తల ఊపుతారు. నా పేరు లేదు, అంతవరకు నయం.

దానికి ఇంగ్లీషు నేనే రాశాను. "స్వచ్ఛందంగా" కూడా నాదే.

జూలై 11

పక్కింటి వెనక రేకు చప్పుడు. మూడుసార్లు. మా తలుపు మీద కొట్టరు కదా ఇప్పుడు, అయినా ఆ వేళకి మెలకువ వస్తోంది.

జూలై 17

మూడు రోజులుగా వాన. చూరు నీళ్ళు సరిగ్గా గొయ్యి మూత మీదే పడుతున్నాయి. జగ్గన్న చెప్పాడు. చెప్పలేదని అనను.

జూలై 24

వాసన వస్తోంది. వాసవి నాది భ్రమ అంటోంది. అమ్మ మాత్రం నన్నే చూస్తోంది.

ఆగస్టు 1

పొంగింది. పొద్దున్న లేచేసరికి పెరడంతా. నూతి గట్టు దాకా వచ్చింది. పన్నెండు అడుగులు, కొలిచి మరీ తవ్వించాం. అమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను ముందే సెప్పినాను అని ఒక్కసారి అంది. గొయ్యి తోడే లారీ ట్యాంకు మా సందులో పట్టదు. జగ్గన్న తన మనుషులు దిగరన్నాడు. అతను ఆ మాట అంటుంటే నా వైపు చూడలేదు.

వాసవి తవిటమ్మకి కబురు పెట్టింది. నేను పెట్టమనలేదు. వద్దని కూడా అనలేదు.

ఆగస్టు 2, మంగళవారం

రేకుతో మూడుసార్లు తలుపు కొట్టిన చప్పుడు. తీసి చూస్తే పుణ్యవతి.

తల్లికి చెయ్యి పూర్తిగా పడిపోయిందట, నెల నుంచి వంతు తనే చేస్తోందట. అదే నీలం లంగా, మోకాళ్ళ పైకి దోపుకుంది. రెండు జడలు కలిపి ముడి వేసి పైన గుడ్డ కట్టుకుంది. జగ్గన్న గొయ్యి మీది బండ ఎత్తి పట్టుకున్నాడు. పిల్ల నిచ్చెన అడగలేదు, అంచు పట్టుకుని దిగింది. తొడల దాకా వచ్చింది. నేను కర్పూరం రుమాలు తీశాను. తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. నడవలోకి వచ్చి కూర్చున్నాను. పొద్దు ఎక్కేదాకా బకెట్టు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అయ్యాక వాసవి ఎత్తుగా నీళ్ళు పోసింది. పిల్ల మోచేతుల దాకా ఇసకతో రుద్దుకుంది. వెళ్ళబోతూ ఆగి, అమ్మ ఇచ్చిన పారం మీ కాడ ఉందా బాబూ అని అడిగింది.

నేను చటుక్కున అందుకున్నాను. గడువు దాటిపోయిందన్నాను. అదీగాక ఇది గొయ్యి, పాకీదొడ్డి కాదు, ఆ ఫారంలో గొయ్యికి గడి లేదు అన్నాను. అడగకముందే అన్నాను. ఈ నోటితోనే. దాని కాళ్ళ మీంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"అది తెలుసు బాబూ," అంది. "సంతకానికి కాదు. దాని ఎనకాతల తెల్లగా ఉంటాది గదా. లెక్కలు సేసుకోడానికి పనికొత్తాది. బడి మానేసినా పుస్తకం ఉంది నా కాడ."

వెతికి తెస్తానని లోపలికి వచ్చాను. వెతకాల్సిన పని లేదు, ఈ డైరీలోనే ఉంది, జూన్‌లో సంచీలోంచి తీసి, మడత విప్పకుండానే ఇందులో పెట్టాను. విప్పాను. ఒకవైపు తవిటమ్మ, తండ్రి పేరు, వృత్తి, పిల్ల చేతిరాత, గుండ్రంగా. యజమాని సంతకం చోటు ఖాళీ. తిప్పాను.

తెల్లగా లేదు. అంచు నుంచి అంచు దాకా నా ఇంగ్లీషు. ఆ రోజు రైల్లో చేతికి తగిలిన కాగితం ఇదే. ఈ జిల్లాలో పూర్తిగా అంతరించింది. సంఖ్య: నిల్. దాని కింద రెండుసార్లు గీత గీశాను. ఏ కాగితమో అప్పుడు తిప్పి చూడలేదు. చూసి ఉన్నా రాసేవాణ్ణేమో.

బయటికి వెళ్ళి, ఎక్కడో పోయింది, దొరకలేదన్నాను.

పోనీలెండి బాబూ అంది. వాసవి ఏదో పాత నోటుబుక్కు తెచ్చి ఇవ్వబోతే, చేతులు బాగోనేవమ్మా, అక్కడెట్టండి, వొచ్చేటప్పుడు తీసుకుంటాను అని తట్ట ఎత్తుకుని సందులోకి దిగింది. పక్కింటి వెనక తలుపు మీద రేకు చప్పుడైంది. మూడుసార్లు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు గబగబా నడవ తలుపు వేసుకోవడం వినిపించింది.

నేనూ మా తలుపు వేసుకున్నాను.